పైడమ్మ కాసిన గేటు

ఇప్పుడు నా ఒళ్ళు కొంత తేరుకుంది. పొద్దున్న లేచి టీ గ్లాసు నేనే పట్టుకుని తాగుతున్నాను. చొక్కాకి ఐదు గుండీలుంటే మూడు నేనే పెట్టుకుంటున్నాను. స్టేషనుకి వచ్చేవాళ్ళలో కీళ్ళ నొప్పులున్నవాళ్ళు నా వేళ్ళు చూసి ఆగుతారు. "ఏ మందు వాడినావు బాబూ?" అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. ఆ జబ్బుతో ఉన్న రెండేళ్ళలో నేను చేసిన పని ఒకటుంది. దాని గురించి ఎవరూ అడగరు. అడగకపోయినా చెప్పాలని రాస్తున్నాను. ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నా పేరు అప్పన్న. గరివిడికి ఇవతల మట్టిరోడ్డు పట్టాలు దాటే చోట రైల్వే గేటు ఉంది. అక్కడ పదమూడేళ్ళు గేట్‌మన్‌గా పనిచేశాను. పగలు డ్యూటీ నాది, రాత్రి డ్యూటీ లచ్చన్నది. గేటు పక్కనే ఒంటి గది క్వార్టరు, దాంట్లో నేనూ నా భార్య పైడమ్మా. మాకు పిల్లల్లేరు. రోజూ మాంగనీసు రాయి లారీలు, గోగునార బండ్లు, చెరకు బండ్లు ఆ గేటు దాటేవి. రైలు వేళకి ఇనుప చక్రం పిడి పట్టుకుని తిప్పితే రెండు వైపులా గేటు కర్రలు కిందికి దిగుతాయి. రైలు వెళ్ళాక మళ్ళీ తిప్పి పైకి ఎత్తాలి. మంచి ఒళ్ళున్నవాడికి అదేమంత పని కాదు.

అరవై ఏడు వానాకాలంలో మొదలైంది. మా క్వార్టరు చుట్టూ వరిమళ్ళు. భాద్రపదంలో ముసురు పట్టి పదిరోజులు వదల్లేదు. గోడలు చెమర్చాయి, పడక చెమ్మ, కట్టుకున్న బట్ట చెమ్మ. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. నాలుగు రోజులకి ఎడమ చెయ్యి కూడా అలాగే అయింది. తర్వాత మోకాళ్ళు. పొద్దున్నే నన్ను ఎవరో పచ్చి సిమెంటులో ముంచి ఆరబెట్టినట్టుండేది. పది గంటలు దాటితే కొంచెం సడలేది. పొద్దున్న పాసింజరు మాత్రం ఏడుకే వచ్చేస్తుంది. అది నా కీళ్ళ కోసం ఆగదు కదా.

పైడమ్మ వావిలాకు మరగబెట్టి ఆ నీళ్ళతో కాపడం పెట్టేది. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి మోకాళ్ళకి అద్దేది. స్టేషను దగ్గర కాంపౌండరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గేది, కడుపు మండిపోయేది. పెద్దాసుపత్రికి వెళ్ళమని ఆయన రెండుసార్లు చెప్పాడు. నేను వెళ్ళలేదు. రైల్వే డాక్టరు చూశాడంటే పనికిరాడని రాసేస్తాడు, క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. అదీ నా భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. పైడమ్మ అడిగితే, "ఆస్పత్రోలికేటి తెలుసు" అని కసిరేవాణ్ణి.

ఆ ఏడు మార్గశిరంలో ఒక తెల్లవారుజామున నేను లేవలేకపోయాను. ఎంత ప్రయత్నించినా మోకాళ్ళు నా మాట వినలేదు. ఏడు గంటల పాసింజరుకి ఇంకా కొంత టైముంది. పైడమ్మ నా తల దగ్గర కూచుంది.

"నానెల్లి ఏస్తాను గేటు. నువ్వు తొంగో మావా," అంది.

"ఆడదానివి నువ్వు గేటు ఏస్తే ఎవులైనా సూస్తే? ఉజ్జోగం ఊడిపోద్ది."

"నీ కోటు ఏసుకుంటాను. తలకి తువ్వాలు సుట్టుకుంటే ఎవులికి తెలుస్తాది? రైలు బేగి ఎల్లిపోద్ది, డ్రైవరు దిగి సూస్తాడేటి?"

రైల్వే వాళ్ళిచ్చిన నీలం కోటు ఆమెకి మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు రెండు మడతలు పెట్టింది. నాకు నవ్వు రాలేదు, ఆమెకి వచ్చింది. పడుకునే గది గుమ్మంలోంచి చూశాను. చక్రం తిప్పి గేటు దించింది. పచ్చ జెండా ముందుకు చాచి, రైలు చివరి పెట్టె దాటేదాకా కదలకుండా నిలబడింది. లోపలికొచ్చి, "సూసినావా?" అంది. బాగా చేశావని నోటిదాకా వచ్చింది. అనలేదు. "జెండా ఇంకొంచెం ఎత్తుగా పట్టుకోవాల" అన్నాను.

ఆ రోజు నుంచి పొద్దుటి రైళ్ళు ఆమెవే అయిపోయాయి. చలి ముదిరిన కొద్దీ మధ్యాన్నం రైళ్ళు కూడా ఆమెవే. గేటుతో పాటు నా పనులన్నీ ఆమె మీదే పడ్డాయి. పంచె విప్పడం, కట్టడం, ఒంటికి నీళ్ళు పొయ్యడం. బయలుకి వెళ్ళాలంటే ఆమె భుజం పట్టుకుని వెళ్ళాలి, కూచోవాలంటే ఆమె పట్టుకోవాలి, లేవాలంటే ఆమె లేపాలి. నలభై రెండేళ్ళ మనిషిని. ఆ సిగ్గుకి నాలో దయ పుట్టలేదు, కోపం పుట్టింది. ఎవరు మనకి సాయం చేస్తారో వాళ్ళమీదే ఆ కోపం తీరుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని, నీళ్ళు చల్లారిపోయాయని, కోటుకి మసి అయిందని రోజుకో వంక పెట్టి తిట్టేవాణ్ణి. ఆమె, "నొప్పి తిడతంది, నువ్వు గాదు" అని ఊరుకునేది. అది నిజం కాదు. నొప్పికి నోరులేదు. తిట్టింది నేనే.

అరవై ఎనిమిది ఎండలు రాగానే వాపులు దిగాయి. గేటు నేనే వేసుకున్నాను. నాకసలు ఏ జబ్బూ లేనట్టు లారీవాళ్ళతో వేళాకోళాలాడాను. "సలికాలమంతా ఏదో బద్దకం పట్టినాది" అని లచ్చన్నతో నవ్వాను. పైడమ్మ అక్కడే ఉంది. ఆ నాలుగు నెలలు గేటు కాసినదాని మాట నా నోట రాలేదు. ఈ కాలంలోనే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే సరిపోయేది. వెళ్ళలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఈసారి మణికట్లు కూడా పట్టేశాయి. వేళ్ళు పక్కకి వంగడం మొదలుపెట్టాయి. కోటు మళ్ళీ పైడమ్మ ఒంటిమీదకెక్కింది.

పుష్యమాసంలో జరిగిందది. మంచు ఎంత దట్టంగా ఉందంటే గుమ్మంలోంచి గేటు కనబడలేదు. గూడ్సు వచ్చే వేళ. నేను కుంపటి దగ్గర కాళ్ళకి దుప్పటి చుట్టుకుని కూచున్నాను. పైడమ్మ బయటికెళ్ళి తిరిగొచ్చింది.

"మావా, పిడి రాటంనేదు. సలికి బిగిసిపోనాది. నువ్వొకసారొచ్చి పట్టుకుంటే ఇద్దరం తిప్పుదుము."

"ఇన్నాళ్ళు తిప్పినదానివి, ఇయ్యాల తిప్పలేవేటి?"

"సేతులు జారిపోతన్నాయి."

"ఏసాలు ఎయ్యకు. ఎల్లు."

నిజం చెప్పాలంటే ఆ పొద్దు నేను లేవగలిగేవాణ్ణి. నొప్పి ఉంది, కానీ పది అడుగులు వెయ్యగలను. కుంపటి వదలబుద్ధి కాలేదు, అంతే. దీన్ని చాన్నాళ్ళు ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

గూడ్సు దాటింది. గేటు ఎత్తే చప్పుడు వినబడింది. మధ్యలో ఒక కేక. నేను గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి పైడమ్మ నేలమీద కూచుని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. మంచుకి తడిసిన పిడి చేతిలోంచి జారి, చక్రం గిర్రున వెనక్కి తిరిగి, మణికట్టు పైన కొట్టింది. అవతల ఆగిన లారీ డ్రైవరు దిగివచ్చి మిగతా గేటు ఎత్తుతున్నాడు. సరిగ్గా అప్పుడే గూడ్సు వెనకాల పట్టాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు గారి తోపుడు ట్రాలీ వచ్చి ఆగింది.

ఆయన ముందు గేటు చూశాడు, తర్వాత ఆమెని, తర్వాత ఆమె ఒంటిమీది కోటుని.

"ఎవరీమె? గేటు ఎవరు వేశారు అప్పన్నా?"

నా నోటికి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది.

"గేటు నానే ఏసినాను బాబూ. రైలెల్లినాక బయలుకెల్లినాను, రెండు నిమిసాలు. ఈలోగా నా ఆడది ముట్టుకుంది. ఎన్నిసార్లు సెప్పినా ఇనదు." అంతటితో ఆగలేదు. ఆమె వైపు తిరిగి, "ఎవులు సెప్పినారే నీకు గేటు ముట్టుకోమని?" అని ఆయన ముందే గదిమాను.

పైడమ్మ నా మొహంకేసి చూడలేదు. ఇన్‌స్పెక్టరు గారికేసి చూసి చెప్పింది.

"నాదే తప్పు బాబూ. లారీవోలు తొందరపెడితే ఎత్తినాను. ఈయనకి తెల్దు."

"ఆ కోటేమిటి?"

"సలేసి ఏసుకున్నాను బాబూ."

నా అబద్ధం ఎక్కడ చిరుగుతుందో ఆమెకి తెలుసు. అక్కడే అతుకు వేసింది. అప్పటికి చెయ్యి విరిగి ఉంది, వేళ్ళు నీలంగా మారుతున్నాయి. ఇన్‌స్పెక్టరు గారు ఆమెకి నాలుగు చీవాట్లు పెట్టి, ముందు ఆ చెయ్యి చూపించమని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. లారీ డ్రైవరు అంతా విన్నాడు. ఆ గేటు దగ్గర ఆమె కోటులో నిలబడడం అతను చలికాలమంతా చూసినవాడే. ఆమెని లారీ ఎక్కించుకుని చీపురుపల్లిలో ఎముకలు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యాన్నానికి తిరిగి దింపాడు. వెళ్ళేటప్పుడు నాకేసి చూసి కాండ్రించి పక్కకి ఉమ్మేశాడు.

మూడోరోజు పైడమ్మ అన్న సింహాచలం వచ్చాడు. వాళ్ళది ఎచ్చెర్ల దగ్గర ఒక పల్లె, వరి చేసుకుంటారు. వెదురుబద్దల కట్టు చూసి నన్ను అడిగాడు.

"సెయ్యి ఎలాగిరిగినాది బావా? దాన్నడిగితే సెప్పటంనేదు."

"జారి పడిపోనాది," అన్నాను.

పైడమ్మ మూట కట్టుకుంటోంది. ఆ మాట విని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కట్టుకుంది. వెళ్ళేటప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. "కుంపట్లోకి బొగ్గులు మూల పెట్టినాను" అని మాత్రం అంది.

మాఘం అంతా ఒక్కణ్ణే. రైలుకి గంట ముందే లేచి, పాక్కుంటూ వెళ్ళేవాణ్ణి. వేళ్ళతో పిడి పట్టుకోలేక మోచేతి వంపులో ఇరికించి తిప్పేవాణ్ణి. ఒక్కో తిప్పుకీ కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. ఆమె ఇది రెండు చలికాలాలు, రోజుకి ఎన్నేసిసార్లు చేసిందో అప్పుడు లెక్కకొచ్చింది.

మాఘం చివర అకాలంగా ముసురు పట్టింది. ఆ పొద్దు గేటు సగం దిగి ఆగిపోయింది. నా చెయ్యి ఇక లేవలేదు. పాసింజరు కూత వేసింది. చెరకు బండి ఒకటి గేటు కర్ర కిందనుంచి పట్టాల మీదకి వస్తోంది. బండివాడు గోనె కప్పుకుని తలొంచుకుని ఉన్నాడు. నేను అరిచాను. గొంతు కూడా సరిగ్గా లేవలేదు. రెండో కూతకి అతను తలెత్తి, కిందికి దూకి, ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టి వెనక్కి లాగాడు. రైలు ఎద్దుల మొహాల ముందునుంచి పోయింది. పెట్టెల కిటికీల్లో పిల్లల మొహాలు కనబడ్డాయి.

బండివాడు నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. నా చేతులు చూశాడు.

"ఒంట్లో బాగోనేదని సెప్పొచ్చు గదా నాయినా. దిగి నానే తిప్పీవోణ్ణి," అన్నాడు.

ఆ రోజంతా లారీవాళ్ళనీ బండ్లవాళ్ళనీ బతిమాలి గేటు తిప్పించాను. సాయంత్రం లచ్చన్న రాగానే స్టేషనుకి బయల్దేరాను. రెండు మైళ్ళ దూరం. చీకటి పడుతుండగా చేరాను. ఇన్‌స్పెక్టరు గారు స్టేషను మాస్టరు గదిలో ఉన్నారు. నిలబడే ఓపిక లేక గుమ్మం పట్టుకుని మొత్తం చెప్పాను. జబ్బు దాచిన సంగతి, కోటు సంగతి, పొద్దుటి బండి సంగతి.

"మరి ఆవేళ నీ భార్య తనదే తప్పని ఒప్పుకుంది కదయ్యా?"

"అది నన్ను కాసినాది బాబూ. నాను దాన్ని కాయలేదు."

ఆయన కలం తీశారు. తర్వాత నన్ను గేటు మీదనుంచి తీసేసినట్టు రాశారు. వాల్తేరు ఆసుపత్రికి కాయితం ఇచ్చారు. విచారణ ఉంటుందన్నారు. ఉంది కూడా. శిక్షగా ఇంక్రిమెంటు ఆపారు. అది నాకు తక్కువే.

ఆసుపత్రిలో వరండా బల్ల మీద మూడు రోజులు కూచున్నాను. పిలిచేదాకా కూచోవాలి, పిలిచాక లేవడానికి నాకు ఇంకొంత టైము కావాలి. పక్కన నడుం నొప్పితో వచ్చిన ఇంజను డ్రైవరు ఒకాయన కూచునేవాడు. ఏ గేటు అని అడిగి, నేను చెప్పగానే సంబరపడ్డాడు.

"ఆ గేటా! నీలాగ జెండా పట్టుకునీవోడు ఈ లైన్లో ఇంకోడు నేడు. మంచైనా వానైనా కడ్డీలాగ నిలబడతావు. ఆ గేటు దగ్గిరికొస్తే మాకు దైర్యం." అని నన్ను పైకీ కిందికీ చూసి, "రైల్లోంచి పొట్టిగా కనబడీవోడివి. ఇంత పొడుగున్నావేటి?" అన్నాడు.

చెవులు వేడెక్కాయి. ఆ మెప్పు జేబులో వేసుకుని ఊరుకోవచ్చు. ఎప్పుడూ అలాగే ఊరుకున్నాను.

"అది నాను గాదు. మా ఆడది," అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. చెప్పాను. చెయ్యి విరిగిన సంగతి కూడా చెప్పాను. లోపల్నుంచి నా పేరు పిలిచారు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి, వేళ్ళతో వెతుక్కుంటున్నాను. ఆయన నావైపు తిరిగి, పై నుంచి కింది దాకా ఒక్కో గుండీ పెట్టి, "ఎల్లు" అన్నాడు.

డాక్టరు గారు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని కోప్పడ్డారు. వంగిన వేళ్ళు ఇక నిటారుగా రావన్నారు. మందులిచ్చి పదిహేను రోజులు ఉంచారు. గేటు పనికి పనికిరానని రాశారు. ఇన్నాళ్ళు దేనికి భయపడ్డానో అదే. అయితే ఇంటికి పంపలేదు. స్టేషనులో దీపాల గది పని ఇచ్చారు. చిమ్నీలు తుడవడం, వత్తులు సరిచెయ్యడం, కిరసనాయిలు పొయ్యడం. పొడిగా, వెచ్చగా ఉండే గది. మొదటి రోజే చెబితే ఇదే ఇచ్చి ఉండేవారేమో.

వైశాఖంలో పొందూరులో రైలు దిగి, బండి మాట్లాడుకుని ఎచ్చెర్ల వైపు వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో సింహాచలం నాకు నీళ్ళిచ్చి, భోజనానికి కూచోబెట్టి తనూ కూచున్నాడు. పైడమ్మ వచ్చి వడ్డించింది, ఎడమచేత్తో. కుడిచెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. దాంతో గరిట తిప్పలేకపోతోంది. ముద్ద నా నోటిదాకా వెళ్ళలేదు.

"సింహాచలం, ఇది జారిపడలేదు," అన్నాను. అతని ముందు, అతని భార్య ముందు, పైడమ్మ ముందు ఉన్నదంతా చెప్పాను. కుంపటి దగ్గర కూచుని రానన్న సంగతితో సహా.

సింహాచలం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "బావవి గాబట్టి ఊరుకుంటన్నాను" అని లేచి పొలంవైపు వెళ్ళిపోయాడు. అతని భార్య తలుపు చాటుకి తప్పుకుంది. పైడమ్మ నా ఎదుట చతికిలబడింది.

"సెప్పేసినావా ఇనిస్పెట్టరు బాబుకి?"

"సెప్పేసినాను."

"గేటు కాడ ఇప్పుడెవులున్నారు?"

"ఎవులో కొత్తోడు." ఇంజను డ్రైవరు చెప్పిన మాట చెప్పాను. కడ్డీలాగ నిలబడతావన్నాడని. ఆమె వింది. "మల్లీ సెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది. చెయ్యి విరిగినప్పుడు ఏడవని మనిషి.

ఆ రోజు నాతో రాలేదు. "వస్తాను. ఎప్పుడో సెప్పలేను" అంది. ఆషాఢం వెళ్ళాక ఒక పొద్దున్న రైల్లోంచి తనే దిగింది.

ఈ ఏడు శ్రావణం వానలకి నా కీళ్ళు సలపరించాయి, కానీ మందులతో లేచి తిరగగలిగాను. ఒకరోజు పనిలోంచి అనుకోకుండా ఇంటికొచ్చాను. పైడమ్మ పొయ్యి దగ్గర కూచుని కుడి మణికట్టు సెగకి పెట్టి, కళ్ళు మూసుకుని ఉంది. నా అడుగుల చప్పుడు వినగానే చటుక్కున చెయ్యి కొంగులో దాచేసింది.

"నొప్పేటి?"

"నేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నొప్పి దాచడం అంటే ఏమిటో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు. నిలదీస్తే చెప్పింది, విరిగి అతుక్కున్న ఎముక చెమ్మకి పీకుతుందట. ఇక ప్రతి వానకీ పీకుతుంది. నా జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె నొప్పి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

పాత పంచె చింపి పట్టీ చేశాను. ఆముదం వెచ్చజేసి రాసి, మణికట్టు చుట్టూ చుట్టడం మొదలుపెట్టాను. నా వంకర వేళ్ళకి పట్టీ చిక్కడం లేదు. చుట్టిందల్లా వదులైపోతోంది. తల ఎత్తి ఆమెని చూడలేక, అక్కడే కళ్ళు పెట్టి కూచుండిపోయాను.

"సిగ్గుపడతా కూకుంటే కట్టు బిగవదు మావా," అంది పైడమ్మ. "లాగు."

ఒక కొస ఆమె ఎడమచేత్తో పట్టుకుంది. రెండో కొస నేను పళ్ళతో కరిచిపట్టుకుని లాగాను.